రెండు తేదీల నాణెం: పాత వరల్డ్స్ ఫెయిర్ల సాగదీసిన నాణేలను చదవడం ఎలా

1893 నాటి చికాగో వరల్డ్స్ ఫెయిర్‌లో, అంటే ప్రపంచ ప్రదర్శనలో, జ్ఞాపికగా రోలర్ల మధ్య నలిపి సాగదీసిన నాణెం ఒకటి చూస్తే మొదట అది నాణెమే అనిపించదు. కోలగా, పల్చగా, కాస్త వంపు తిరిగిన రాగి రేకు. ఒక వైపు కొలంబియన్ ఎగ్జిబిషన్ అని పేరు, పక్కన ఏడాది. రెండో వైపు నున్నగా, ఏమీ లేనట్టే ఉంటుంది. కిటికీ దగ్గర అటూ ఇటూ వంచితే మాత్రం ఓక్ ఆకుల దండ ఒకటి సాగిపోయి మసగ్గా కనిపిస్తుంది. దాని మధ్య 'ఒక సెంటు' అన్న ఇంగ్లీషు అక్షరాలు. రోలర్ కింద నలగకముందు ఆ రేకు అమెరికా టంకశాలలో తయారైన మామూలు సెంటు నాణెం. ఆ మసక బొమ్మను సేకరించేవాళ్లు ఘోస్ట్ అంటారు.

కొత్తగా ఈ హాబీలోకి వచ్చినవాళ్లంతా అక్షరాలున్న వైపే చూస్తారు. 1893 అని రాసి ఉంది కాబట్టి 1893 నాటిదే అనుకుంటారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఈ వస్తువు మీద రెండు తేదీలు ఉండొచ్చు. ఒకటి నాణెం టంకశాలలో తయారైన ఏడాది, రెండోది రోలర్ మీద చెక్కిన ప్రదర్శన ఏడాది. కొనేవాడికి నిజంగా కావాల్సింది మూడో తేదీ: ఆ నాణేన్ని రోలర్ మధ్య పెట్టి నొక్కింది ఎప్పుడు? అది దాని మీద ఎక్కడా రాసి ఉండదు. మొదటి రెండింటిని పట్టుకుని మూడోదాన్ని రాబట్టాలి. ధర, అరుదు, అసలు, నకిలీ అన్నీ చివరికి ఈ లెక్క దగ్గరికే వస్తాయి.

తయారీ ఎలా

తయారీలో వింతేమీ లేదు. కంసాలులు బంగారాన్ని రేకు తీసే రోలర్ల మిషన్ సూత్రమే ఇది. రోడ్డు పక్కన చెరకు రసం మిషన్ చూసినవాళ్లకి చెప్పనక్కర్లేదు: రెండు రోలర్లు ఎదురెదురుగా తిరుగుతుంటాయి, మధ్యలో సందు తక్కువ, ఇటు పెట్టింది నలిగి అటు వస్తుంది. ఇక్కడ తేడా ఒక్కటే, ఉక్కు రోలర్లలో ఒకదాని మీద అక్షరాలు, బొమ్మ తిరగేసి లోతుగా చెక్కి ఉంటాయి. అదే డై. రెండో రోలర్ సాధారణంగా నున్నగా ఉంటుంది. హ్యాండిల్ తిప్పగానే ఒత్తిడికి లోహం డై గీతల్లోకి దూరుతుంది. అక్షరాలు నాణెం మీద ఉబ్బెత్తుగా తేలతాయి.

ఒక సంగతి చాలామంది పొరపడతారు. సాగేది పాత బొమ్మ మాత్రమే. కొత్త బొమ్మ సాగదు, ఎందుకంటే అది లోహం పల్చబడుతున్న క్షణంలోనే పడుతుంది. అందుకే ఒకే రేకు మీద ఒక వైపు అక్షరాలు తీరుగా ఉంటాయి, రెండో వైపు దండ సాగి ఉంటుంది. ఈ రెండో వైపు బొమ్మ ఎంత సాగిందో, రేకు ఎంత పల్చబడిందో ఒకదానితో ఒకటి సరిపోవాలి. లోహం ఎక్కడికీ పోదు కాబట్టి మందం ఎంత తగ్గితే పొడవు దాదాపు అంత పెరుగుతుంది. రోలర్ల రాపిడి పక్కలకి పెద్దగా విస్తరించనివ్వదు, అందుకని వెడల్పు కొంచెమే మారుతుంది. 19 మిల్లీమీటర్ల సెంటు 35 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా సాగి రావడం మామూలే.

బరువు మాత్రం మారదు. ఇది సేకరించేవాళ్లకి దొరికిన వరం. 1864 తర్వాత వచ్చిన కంచు సెంటు 3.11 గ్రాములు. అందులో 95 శాతం రాగి, మిగతాది తగరం, జింకు. అంతకుముందు, 1859 నుంచి 1864 మధ్య వచ్చిన ఇండియన్ హెడ్ సెంటులో (ఈకల తలపాగా పెట్టుకున్న తల బొమ్మ ఉన్నది) 12 శాతం నికెల్ లోహం ఉండేది, బరువు 4.67 గ్రాములు. లిబర్టీ హెడ్ నికెల్ (నికెల్ అంటే ఐదు సెంట్ల నాణెం కూడా) 5 గ్రాములు. వెండి డైమ్ (పది సెంట్లు) 2.5, క్వార్టర్ (పాతిక సెంట్లు) 6.25, అర డాలర్ 12.5 గ్రాములు. చెలామణిలో అరిగితే కాస్త తగ్గుతుంది, పెరగడం మాత్రం జరగదు. రెండు దశాంశాల దాకా చూపించే చిన్న కాటా ఒకటి ఉంటే, అచ్చులో పోసిన నకిలీల్లో చాలావాటిని దానితోనే పక్కన పెట్టేయొచ్చు.

ఏ లోహం ఎలా సాగుతుందన్నది కూడా కంటికి తెలుస్తుంది. వెండి మెత్తన, హాయిగా సాగుతుంది, అంచులు నున్నగా వస్తాయి. రాగి కూడా మంచిదే. ఐదు సెంట్ల నికెల్‌లో మూడొంతులు రాగి, ఒక వంతు నికెల్. అది గట్టి సరుకు, రోలర్ల మధ్య మొండికేస్తుంది, అంచుల్లో సన్నటి పగుళ్లు రావచ్చు. పాత నికెల్ మీద పగులు చూసి పాడైపోయిందనుకుని వదిలేయనక్కర్లేదు. 1982లో అమెరికా సెంటును జింకుకి మార్చింది. అప్పటి నుంచి అది 97.5 శాతం జింకు, పైన రాగి పూత. దాన్ని సాగదీస్తే పూత చిరిగి లోపలి జింకు తెల్లటి చారలుగా బయటపడుతుంది. 'పాతకాలం నాటిది' అని అమ్ముతున్న రేకు మీద ఆ తెల్ల చారలు కనిపిస్తే ఇక మాట్లాడుకోవడానికి ఏమీ లేదు.

చికాగోలో ఎందుకు మొదలైంది

అమెరికాలో ఈ అలవాటు చికాగో కొలంబియన్ ప్రదర్శనతోనే మొదలైంది. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్లయిన సందర్భం అది. 1892లో జరగాల్సింది. ఆ అక్టోబరులో ప్రారంభోత్సవ లాంఛనం కానిచ్చి, జనానికి తలుపులు తీసింది మాత్రం 1893 మే 1న. అక్టోబర్ 30న ముగించారు. మొత్తం మీద 2 కోట్ల 70 లక్షలకు పైగా ప్రవేశాలు నమోదయ్యాయి.

తెలుగువాళ్లకి ఈ ప్రదర్శన పేరు వేరే దారిలో తెలుసు. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ దీనికి అనుబంధంగానే ఆ సెప్టెంబర్ 11న మొదలైంది. ఆ ఏడాది ఫిబ్రవరి 13న సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో పాశ్చాత్య దేశాలకు ఎందుకు వెళ్లాలనుకుంటున్నదీ ఆయన ప్రసంగించారు. జూలై చివర్లో చికాగో చేరి, సభకి ఇంకా టైముందని తెలిసి, కొన్ని రోజులు ఆ ప్రదర్శన తిరిగి చూశారు. సాగదీసిన నాణేలు తిప్పుతున్న ఆవరణ అదే. అమెరికాలో ఉన్న తెలుగు సేకరణదారులకి 1893 ముక్క మీద కాస్త ఎక్కువ మమకారం ఉంటే అందులో తప్పు లేదు. అమ్మేవాడు ఆ మమకారానికి అదనపు ధర అడిగితే మాత్రం ఇవ్వకండి. సభకి, నాణేనికి ఏ సంబంధమూ లేదు.

ఆ ప్రదర్శనకి అధికారిక జ్ఞాపిక నాణెం కూడా ఉంది, కొలంబియన్ అర డాలర్. అమెరికా ప్రభుత్వం విడుదల చేసిన మొట్టమొదటి స్మారక నాణెం అది. ముఖవిలువ 50 సెంట్లు, అమ్మింది డాలరుకి. అదే 50 సెంట్లకి ప్రదర్శన లోపలికి ప్రవేశ టికెట్టు వచ్చేది. జార్జ్ ఫెరిస్ కట్టిన 264 అడుగుల జెయింట్ వీల్ ఎక్కి రెండు చుట్లు తిరగడానికీ 50 సెంట్లే. ఆ ఏడాదే అమెరికా పెద్ద ఆర్థిక సంక్షోభంలో పడింది. అర డాలరు నాణేన్ని డాలరు పెట్టి కొనేవాళ్లు అనుకున్నంతమంది రాలేదు. మిగిలిపోయినవాటిలో చాలా నాణేలు చివరికి 50 సెంట్లుగానే చెలామణిలోకి వెళ్లిపోయాయి.

దాని పక్కన సాగదీత మిషన్‌ని పెట్టి చూడండి. ముడిసరుకు జేబులోనే ఉంటుంది. ఒక సెంటు ఇస్తే కళ్లముందే రేకై వస్తుంది. ప్రభుత్వం టంకించిన స్మారక నాణేలన్నీ ఒకేలా ఉంటాయి. ఇక్కడ ఎవరి జేబులో ఉన్న నాణెం వాళ్లది. ఎక్కువమంది ఇండియన్ హెడ్ సెంట్లు ఇచ్చారు. కొందరు నికెళ్లు, కొందరు వెండి డైమ్‌లు, క్వార్టర్లు, అర డాలర్లు ఇచ్చారు. చెలామణిలోంచి ఎప్పుడో పోయిన పాత పెద్ద రాగి సెంట్లు, విదేశీ నాణేలు కూడా రోలర్ కింద పడ్డాయి. కొలంబియన్ అర డాలర్ని కొని, దాన్నే సాగదీయించుకున్నవాళ్లూ ఉన్నారు. అలాంటి ముక్కలు ఇప్పుడు మంచి ధర పలుకుతాయి.

నాణేన్ని ఇలా నలిపేయడం నేరం కాదా అని మనకి వెంటనే అనుమానం వస్తుంది. అమెరికా చట్టంలో నేరమయ్యేది మోసపు ఉద్దేశంతో నాణేన్ని మార్చడం. జ్ఞాపికగా సాగదీసి, దాన్ని డబ్బుగా చెలామణి చేయకపోతే ఇబ్బంది లేదు. మన దగ్గర అలా కాదు. 2011 నాణేల చట్టం ప్రకారం నాణేన్ని కరిగించడం, ధ్వంసం చేయడం శిక్షపడే నేరం. రూపాయి బిళ్లతో ఇంట్లో ప్రయోగం చేద్దామన్న ఆలోచన వస్తే అక్కడే ఆపేయండి.

ఆ తర్వాతి ప్రదర్శనలు

చికాగో తర్వాత దాదాపు ప్రతి పెద్ద అమెరికన్ ప్రదర్శనలోనూ రోలర్ తిరిగింది. వాటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది 1901 బఫెలో నగరపు పాన్-అమెరికన్ ప్రదర్శన. చికాగో ముక్కల్లో ఎక్కువగా అక్షరాలే. బఫెలోలో ఊరి పేరుకి తగ్గట్టు అడవి దున్న బొమ్మ వేశారు. కోల ఆకారంలో నిండుగా నిలబడ్డ ఆ దున్నని చూస్తే, డై చెక్కినవాడికి ఆ ఆకారం అప్పటికే అర్థమైందనిపిస్తుంది. గుండ్రటి నాణేనికి గీసిన బొమ్మని తెచ్చి ఇక్కడ అతికిస్తే పైనా కిందా ఖాళీ మిగులుతుంది. కోలకి తగ్గ బొమ్మ వేరు.

ఆ ప్రదర్శనలోనే, సెప్టెంబర్ 6న, టెంపుల్ ఆఫ్ మ్యూజిక్ హాల్లో జనంతో కరచాలనం చేస్తున్న అధ్యక్షుడు మెకిన్లీని లియాన్ చోల్గోష్ కాల్చాడు. ఎనిమిది రోజుల తర్వాత మెకిన్లీ చనిపోయాడు. ప్రదర్శన నవంబర్ 2 దాకా సాగింది. చేతిలో ఉన్న 1901 దున్న ముక్క ఆ కాల్పులకు ముందు సాగదీసిందా, తర్వాతా అన్నది ఎవరూ చెప్పలేరు. డై మీద ఏడాదే ఉంటుంది, నెల ఉండదు. 'మెకిన్లీ హత్య రోజు నాటిది' అంటూ కథ చెప్పి అమ్మితే ఆ కథని కొనకండి, నాణెం నచ్చితే నాణెం కొనండి. (చికాగోకి కూడా ఇలాంటి నీడ ఒకటుంది. ముగింపుకి రెండు రోజుల ముందు నగర మేయర్ కార్టర్ హారిసన్‌ని ఇంట్లోనే కాల్చి చంపారు, ముగింపు ఉత్సవాలు రద్దయ్యాయి.)

1904 సెయింట్ లూయిస్ ప్రదర్శన తేదీల విషయంలో ఇంకో పాఠం. లూసియానా భూభాగాన్ని అమెరికా కొని 1903కి వందేళ్లు. ప్రదర్శన ఆ ఏడాదికే అనుకున్నారు, పనులు పూర్తిగాక ఏడాది జరిపారు. ప్రభుత్వం వేసిన స్మారక బంగారు డాలర్ల మీద మాత్రం 1903 అనే ఉంది. ఒక సంఘటన జరిగిన ఏడాది, వస్తువు మీద ఉన్న ఏడాది వేరు కావడం అసహజమేమీ కాదు. తేడా ఉండగానే నకిలీ అని అరవకూడదు, తేడా ఎటువైపు ఉందో చూడాలి.

పోర్ట్‌లాండ్ 1905, జేమ్స్‌టౌన్ 1907, సియాటిల్ 1909 ముక్కలు వెతికేవాళ్లకి దొరుకుతాయి. 1915 శాన్ ఫ్రాన్సిస్కో, పనామా కాలువ పూర్తయిన సంబరం, సేకరించేవాళ్లకి సరదా ఘట్టం. అప్పటికి సెంటు మీద లింకన్ వచ్చేశాడు, నికెల్ మీద దున్న వచ్చేసింది, జేబుల్లో పాత ఇండియన్ హెడ్‌లూ తిరుగుతున్నాయి. అందుకే ఒకే డై కింద రకరకాల నాణేలు.

వందేళ్లు దాటినవే యాంటిక్ అనే లెక్క పట్టుకుంటే జాబితా ఇక్కడ ఆగిపోవాలి. అయినా 1933 చికాగో 'సెంచరీ ఆఫ్ ప్రోగ్రెస్', 1939 న్యూయార్క్ ప్రదర్శన వదిలేయలేం. చవగ్గా, విరివిగా దొరుకుతాయి, బొమ్మలు బాగుంటాయి. న్యూయార్క్ ముక్క మీద ఆ ప్రదర్శన గుర్తైన సూది స్తంభం, పెద్ద గోళం ఉంటాయి. 1933 ప్రదర్శన దీపాల్ని స్వాతి నక్షత్రం కాంతితో వెలిగించారు. ఆ కాంతి 40 ఏళ్ల కిందట, అంటే 1893 ప్రదర్శన రోజుల్లో బయల్దేరిందని అప్పటి లెక్క. ఆ సంగతి తెలిశాక రెండు చికాగో ముక్కలూ పక్కపక్కన పెట్టుకోవాలనిపిస్తుంది. సేకరించడానికి అంతకన్నా పనికిమాలిన కారణం ఉండదు, అంతకన్నా మంచి కారణమూ ఉండదు.

మూడో తేదీ రాబట్టడం

డై ఉక్కుది. ప్రదర్శన మూసేసినా డై ఉంటుంది, రోలర్ ఉంటుంది. ఎవరి చేతిలో పడితే వాళ్లు తర్వాత ఎన్నేళ్లకైనా మళ్లీ తిప్పొచ్చు. దీన్ని రీస్ట్రైక్ అంటారు. ఇంకో రకం, పాత ప్రదర్శన పేరుతో ఎవరో కొత్తగా డై చెక్కి వేసినవి. వీటిలో చాలావరకు మోసం ఉద్దేశం ఉండదు. 1960లలో ఈ హాబీ మళ్లీ ఊపందుకుంది, 'ది ఎలాంగేటెడ్ కలెక్టర్స్' అనే సంఘం 1966లో ఏర్పడింది. అప్పటి నుంచి సొంతంగా డైలు చెక్కి నాణేలు వేసేవాళ్లున్నారు, పాత ప్రదర్శనల్ని తలుచుకుంటూ వేసినవీ ఉన్నాయి. ఇలా వేసేవాళ్లు చాలామంది తమ పేరు పొడి అక్షరాలు డైలో ఓ మూల చెక్కుతారు. భూతద్దంతో అంచు వెంబడి చూస్తే కనిపిస్తాయి. సమస్య వేసినవాళ్లతో కాదు, మూడు చేతులు మారాక 'తాతగారి కాలం నాటిది' అని అమ్మేవాళ్లతో.

మొదటి పరీక్ష తేలిక. నాణెం తేదీ ప్రదర్శన తేదీ కంటే తర్వాతిదైతే, ప్రదర్శనలో వేసింది కాదు. 1893 డై కింద 1906 సెంటు ఉంటే అది రీస్ట్రైకో, తర్వాతి తయారీయో. దీనికి అప్పీలు లేదు. ముందు తేదీ అయితే దోషం లేదు, 1893లో 1864 నాటి సెంటు జేబులో ఉండటం మామూలే.

అసలు తేదీ కనిపించకపోతే? తరచూ జరిగేది ఇదే. ఇండియన్ హెడ్ సెంటు మీద తేదీ ముఖం ఉన్న వైపు, మెడ కింద ఉంటుంది. డై ఆ వైపు పడితే తేదీ నలిగిపోతుంది. వెనక మిగిలేది ఓక్ దండ, దాని పైన చిన్న డాలు. ఆ నమూనా 1860 నుంచి 1909 దాకా మారలేదు. కాబట్టి అక్కడ తేలేది ఏమీ లేదు. కానీ 1893 అక్షరాల వెనక గోధుమ కంకులు రెండు సాగి కనిపిస్తే? అది 1909లో మొదలైన లింకన్ సెంటు వెనక వైపు. తేదీ చూడకుండానే తీర్పు చెప్పేయొచ్చు. 1901 బఫెలో ముక్క వెనక దున్న ఘోస్ట్ ఉన్నా అంతే, ఆ నికెల్ 1913లో గానీ రాలేదు. ముందు వైపు దున్న, వెనక వైపు దున్న అని ముచ్చటపడి డబ్బులు ఇచ్చేయకండి.

రెండో పరీక్ష నా మటుకు అన్నింటికన్నా అందమైనది, ఓపిక కావాలి. అరుగుదల చూడాలి, అది కూడా రోలర్‌కి ముందు జరిగిన అరుగుదల. ఉదాహరణకి 1893 ముక్క కింద 1892 సెంటు ఉందనుకోండి. తేదీల లెక్క సరిపోయింది. అయితే ఆ సెంటు ప్రదర్శన నాటికి ఏడాది, ఏడాదిన్నర వయసుది. చెలామణిలో ఎక్కువ తిరిగి ఉండదు. ఘోస్ట్‌లో ఈకల గీతలు, అక్షరాల అంచులు సాగినా పదునుగానే ఉండాలి. అలా కాకుండా ఘోస్ట్‌లో తల బొమ్మ మొత్తం బోడిగా, పాతికేళ్లు చేతులు మారినట్టుగా ఉంటే ఆ నాణెం 1893లో రోలర్ ఎక్కలేదు. చాలా ఏళ్లు తిరిగాక, ఎప్పుడో తర్వాత ఎక్కింది. పాత డైతోనే వేసి ఉండొచ్చు, అయినా ప్రదర్శనలో వేసింది కాదు. 1865 సెంటు బోడిగా ఉంటే మాత్రం అనుమానించక్కర్లేదు, అప్పటికే దానికి 28 ఏళ్లు. తేదీలు రెండూ సరిపోయినా నాణెం వయసు, అరుగుదల సరిపోవాలి అన్నమాట.

రోలర్ తర్వాత జరిగిన అరుగుదల వేరు. జేబులో, పర్సులో ఏళ్లపాటు ఉన్న ముక్కలో కొత్త అక్షరాల ఎత్తులే ముందు మెరుగు పోతాయి, పల్లాల్లో ముదురు రంగు నిలిచి ఉంటుంది. ఘోస్ట్ అరిగి, పైన అక్షరాలు నిన్న వేసినంత కరుకుగా ఉంటే పక్కన పెట్టి ఆలోచించాలి.

పోతపోసిన నకిలీలకి ఇంకో గుర్తు ఉంది. ఒకే డైతో వేసిన రెండు అసలు ముక్కల్లో అక్షరాలు ఒకేలా ఉంటాయి, ఘోస్ట్ మాత్రం ఎప్పటికీ ఒకేలా ఉండదు. నాణెం నాణేనికీ అరుగుదల వేరు, రోలర్ మధ్య పెట్టిన కోణం వేరు. ఒకదానిలో దండ నిలువుగా సాగుతుంది, ఇంకోదానిలో ఐమూలగా. అమ్మకానికున్న రెండు ముక్కల ఘోస్ట్‌లు గీతకి గీత సరిపోతే అవి రెండూ ఒకే అచ్చులోంచి వచ్చాయి. ఆన్‌లైన్ ఫోటోల్లో కూడా పట్టుకోగలిగిన మోసం ఇది. అందుకే అమ్మేవాళ్లని వెనక వైపు ఫోటో తప్పకుండా అడగాలి.

ఏది అరుదు

అరుదు అన్నది ఇక్కడ రెండు దారుల్లో వస్తుంది, ఈ రెండింటినీ కలిపేసి అయోమయం చేసుకుంటారు. ఒకటి డై. ఒక్కో ప్రదర్శనకి ఎన్నో డైలు, కొన్ని బాగా వాడారు, కొన్ని తక్కువ. సేకరణదారుల జాబితాల్లో రాష్ట్రం, ప్రదర్శన పేరు పొడి అక్షరాలు, వరుస నంబరు కలిపి ఒక కోడ్ ఉంటుంది. ఆ కోడ్ చెప్పేది డై గురించే. రెండోది కింద ఉన్న నాణెం. అతి మామూలు డై కూడా అర డాలరు మీద పడితే అరుదు అవుతుంది. ముఖవిలువ పెరిగేకొద్దీ నలిపించుకోవడానికి ఒప్పుకునేవాళ్లు తగ్గుతారు కదా. సెంట్లు ఎక్కువ, నికెళ్లు తక్కువ, వెండి ఇంకా తక్కువ.

అరుదైన తేదీ ఉన్న నాణెం కింద ఉంటే? ఇండియన్ హెడ్ సెంట్లలో 1877 ఏడాదిది అపురూపం, వేసింది 8,52,500 మాత్రమే. అలాంటిది రోలర్ కింద పడితే నాణేల వ్యాపారి లెక్కలో దాని విలువ పోయినట్టే. సాగదీసినవాటిని సేకరించేవాడికి అదే నిధి. ఈ రెండు మార్కెట్ల ధరలు కలిపి చెప్పే అమ్మకందారు మాటలు నమ్మొద్దు.

స్థితి విషయానికొస్తే, డై మొత్తం నాణెం మీద పడిందా, అక్షరాలు అంచు బయటికి పోయాయా, తేదీ చదవొస్తోందా, ఇవి చూస్తారు. చాలా పాత ముక్కలకి పైన చిల్లు ఉంటుంది. వాచీ గొలుసుకో, మెళ్లో దండకో వేలాడదీసుకున్నవి. మన కాసుల పేరులో నాణేలకి కొక్కెం అతికిస్తారు, వీళ్లు ఏకంగా చిల్లే పెట్టేశారు. చిల్లుకి మార్కెట్ ధర తగ్గిస్తుంది. నేనైతే తగ్గించను. ఆ ముక్క ఎవరో నిజంగా వాడుకున్నదని తెలుస్తోంది కదా. పైగా చిల్లు అంచులు కూడా అరిగి నున్నబడి ఉంటే, పాతదనానికి అదో సాక్ష్యం. కొత్తగా పెట్టిన చిల్లు అంచు వేలికి గరుగ్గా తగులుతుంది.

ఒక్క పని మాత్రం చేయొద్దు: తోమడం. చింతపండుతో రాగి చెంబు తోమినట్టు తోమితే మెరుస్తుంది, దానితో పాటు వందేళ్లలో పట్టిన రంగూ పోతుంది. ఇందాక చెప్పిన అరుగుదల పరీక్షకి ఆధారాలూ పోతాయి. మెత్తటి పీవీసీ కవర్లలో కూడా పెట్టొద్దు, కొన్నాళ్లకి రాగి మీద పచ్చగా జిగురు పడుతుంది. కాగితపు హోల్డరో, మైలార్ కవరో చాలు.

ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లకి

సెంటు మీద వేసిన మామూలు రకం 1893 చికాగో, 1901 బఫెలో ముక్కలు ఇప్పటికీ కొన్ని పదుల డాలర్లకే దొరుకుతాయి. 130 ఏళ్ల వస్తువుకి అది ఎక్కువేం కాదు. వెండి మీద వేసినవి, అరుదైన డైలు మొదటి ఏడాది ముట్టుకోకపోవడమే మేలు. ముందు 1933, 1939 నాటివి చవగ్గా నాలుగైదు కొని, ఘోస్ట్ చదవడం అలవాటు చేసుకోవాలి. తలా, దండా, కంకులా, ఏ కోణంలో పెట్టి తిప్పారు, ఎంత అరిగాక తిప్పారు. ఆ కన్ను వచ్చాక చికాగో దగ్గరికి వెళ్లొచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకి ఈ హాబీ ఇంట్లోనే మొదలై ఉంటుంది, వాళ్లు గమనించి ఉండకపోవచ్చు. జూలోనో, మ్యూజియంలోనో రెండు క్వార్టర్లు, ఒక పెన్నీ (సెంటుకే వాడుక పేరు) వేసి పిల్లలు హ్యాండిల్ తిప్పి తెచ్చుకున్నవి డ్రాయర్లో పడి ఉంటాయి. ఆ మిషన్ 1893 మిషన్‌కి వారసుడే. ఆ పెన్నీకి మాత్రం కాలం తీరింది. 2025 నవంబర్ 12న ఫిలడెల్ఫియా టంకశాలలో చెలామణి కోసం చివరి పెన్నీలు వేశారు. ఉన్నవి చెల్లుతాయి, రోలర్ల కింద ఇంకా చాలా ఏళ్లు నలుగుతాయి కూడా. కానీ రేపటి సేకరణదారుడికి ఒక పరీక్ష చేజారింది. 2040లో ఎవరైనా 2025 అని డై చెక్కి పెన్నీ మీద వేస్తే, ఆ పెన్నీ చెలామణిలోంచి తీసిందైతే దాని తేదీ కూడా 2025కి మించి ఉండదు. తర్వాతి తేదీ ఉంటే అప్పుడు వేసింది కాదనే సూత్రం అక్కడ పనిచేయదు. అప్పుడు మిగిలేది అరుగుదల ఒక్కటే, జింకు సెంటు మీద అది చదవడం కంచు సెంటు మీద చదివినంత తేలిక కాదు.